అన్నయ్య డబ్బులో నాకు పన్నెండో వంతు

సంపాదకుల వారికి నమస్కారం.

వారసులెవరూ అడగక బ్యాంకుల్లో పడి ఉన్న డిపాజిట్ల గురించి మీ పత్రికలో చదివాను. అడిగినా చేతికి రాని డబ్బు సంగతి కూడా నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

మా అన్నయ్య 58వ ఏట నిద్రలోనే పోయాడు. అప్పు లేదు, ఎవరితోనూ తగువు లేదు. కరెంటు బిల్లులు కూడా ఏడాదివారీగా కట్టలు కట్టి దాచే మనిషి. వీలునామా మాత్రం రాయలేదు. ఎఫ్‌డీలకూ షేర్లకూ నామినీ ఎవరా అని చూస్తే మా నాన్న పేరుంది. పెళ్లికాక ముందు రాసిన పేరు, మళ్లీ మార్చలేదు. నాన్న పోయి అప్పటికే పద్నాలుగేళ్లు.

పోయినవాళ్ల పేరు నామినీగా ఉంటే అసలు నామినీ లేనట్టే. బ్యాంకు వాళ్లు కోర్టు నుంచి వారసత్వ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. మనం మామూలుగా సక్సెషన్ సర్టిఫికెట్ అంటాం. ఇంటికీ స్థలానికీ అది పనికిరాదు, డబ్బుకూ షేర్లకూ మాత్రమే. వదిన, ఇద్దరు పిల్లలు కలిసి కోర్టులో దరఖాస్తు వేస్తే అయిపోతుందనుకున్నాం. "మీ అమ్మగారు ఉన్నారా?" అని అడిగారు ప్లీడరు గారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు వీలునామా లేకుండా పోతే భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుందట. తండ్రికి ఆ వరుసలో చోటు లేదు. 1956 నాటి చట్టం ఇది, మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

అలా అమ్మకు నాలుగో వంతు. ఆవిడ, "నాకెందుకురా, కోడలికే ఇచ్చెయ్యండి" అంది. ఆ మాట కాగితం మీద పెట్టేలోపు, కేసు నడుస్తుండగానే పోయింది.

నేను ముప్పై ఏళ్లు బడిలో భిన్నాలు చెప్పిన లెక్కల మాస్టారిని. అయినా ఆ తర్వాతి లెక్క నాకు రెండుసార్లు చెప్పించుకుంటే గానీ ఎక్కలేదు. అమ్మ నాలుగో వంతు మళ్లీ మూడు భాగాలవుతుంది. నాకొకటి, మా చెల్లెలికొకటి, అన్నయ్య పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. అందులో వదినకు పైసా రాదు. అన్నయ్య కష్టార్జితంలో నేను పన్నెండో వంతు వారసుణ్ణయ్యాను! అది వద్దని చెప్పడానికి మళ్లీ అఫిడవిట్లు, సంతకాలు. అన్నయ్య కూతురు విదేశంలో ఉంది, ఆమె కాగితాలు అక్కడి మన కాన్సులేట్ ముద్రతో రావాలి. పేపర్లో ప్రకటన, వాయిదాలు, మొత్తం విలువలో ఇంత శాతమని కోర్టు ఫీజు. రెండేళ్ల మూడు నెలలు పట్టింది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోకుండానే ఇంత. ఆ రెండేళ్లూ ఇల్లు గడవడానికి వదిన తన గాజులు తాకట్టు పెట్టింది. ఆ సంగతి మాకు చెప్పనే లేదు.

ఇప్పుడు కొంత నయం. వారసుల మధ్య తగువు లేకపోతే, నామినీ లేని ఖాతాల్లోనూ 15 లక్షల దాకా కోర్టు పత్రం అడగొద్దని, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబరులో చెప్పింది. సహకార బ్యాంకుల్లో ఆ పరిమితి 5 లక్షలు. 2025 నవంబరు 1 నుంచి ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు కూడా.

అలాగని నామినీ పేరు రాసేస్తే టెన్షన్ తీరిపోయిందనుకోవద్దు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషే, సొంతదారు కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. ఎవరికి ఎంతో తేల్చేది వీలునామా.

దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసినవాళ్ల సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆస్తి పొందేవాళ్లను సాక్షిగా పెట్టకండి, సాక్షులు మనకంటే చిన్నవాళ్లయితే మరీ మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపు ఆ సంతకం దొంగదనే నోళ్లు కొంత మూతపడతాయి. మన రెండు రాష్ట్రాల్లో వీలునామాకు ప్రొబేట్, అంటే అది అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తెచ్చి తీరాలని కూడా లేదు. తగువొస్తే మాత్రం కోర్టు మెట్లెక్కాల్సిందే. ఈ గొడవంతా ఎందుకని బతికుండగానే గిఫ్ట్ డీడ్ రాసిచ్చేసిన ఒక మిత్రుడు ఇప్పుడు కొడుకింట్లో కాఫీ అడగడానికి కూడా మొహమాటపడుతున్నాడు. వీలునామా అయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

పోయిన నెల నాది రాశాను. బీరువాలో ఏ అరలో పెట్టానో మా ఆవిడకు చెబితే, అశుభం మాటలని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తన పాసుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది, నామినీ ఎవరున్నారో చూడమని. కళ్లజోడు పెట్టుకుని చూశాను. మా మామగారి పేరుంది. ఆయన పోయి పదకొండేళ్లు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు