డిసెంబరు 25 ఎక్కడి లెక్క?

సంపాదకుడు గారికి,

డిసెంబరు వస్తే చాలు, మన జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతాయి. యేసు డిసెంబరు 25న పుట్టినట్టు బైబిల్లోనే ఉందని ఒకటి, అది రోమన్ల సూర్యుడి పండుగ, క్రైస్తవులు ఎత్తుకొచ్చారని రెండోది. పత్రికల క్రిస్మస్ పేజీల్లోకీ ఇవే ఎక్కుతున్నాయి. మొదటిది తప్పు. రెండోది అంత తేలిగ్గా తేలే మాట కాదు.

యేసు జీవితం చెప్పే సువార్తల్లో ఆయన పుట్టిన నెలా లేదు, తేదీ లేదు. వాటిలో లూకా రాసినదాని మొదటి అధ్యాయం పట్టుకుని లెక్క కట్టేవారున్నారు. యూదుల యాజకుడు జెకర్యా ఆలయంలో ధూపం వేసింది సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే ప్రాయశ్చిత్త దినాన అనుకుంటారు. ఆ తర్వాత గర్భం దాల్చిన ఆయన భార్య ఎలీసబెతుకు ఆరో నెలలో, యేసు తల్లి మరియకు గర్భం వస్తుందన్న శుభవార్త, అంటే మార్చి. అక్కణ్నుంచి తొమ్మిది నెలలకు డిసెంబరు. వినడానికి బాగుంది గానీ మొదటి మెట్టే నిలవదు. ప్రాయశ్చిత్త దినాన ఆలయంలో అన్నిటికన్నా లోపలి గదైన అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేది ప్రధాన యాజకుడు ఒక్కడే. జెకర్యా అబీయా తరగతిలో మామూలు యాజకుడు, చీటి పడి ఆయనకు వంతు వచ్చింది. యాజకుల 24 తరగతులు వారం చొప్పున ఏడాదికి రెండుసార్లు సేవ చేసేవి. ఆయనది ఏ వారమో లూకా రాయలేదు.

మరి 25? రోములో క్రీ.శ. 354లో కూర్చిన పంచాంగంలో ఉంది: జనవరి ఒకటికి ముందు ఎనిమిదో రోజున బేత్లెహేములో క్రీస్తు పుట్టాడని. రోమన్లు రెండు కొసలూ కలిపి లెక్కపెడతారు కనుక అది 25 అవుతుంది, 24 కాదు. అదే పుస్తకంలో ఇంకో పట్టికలో అదే రోజుకి ‘అజేయుడి జన్మదినం’ అనీ ఉంది, అజేయుడంటే సూర్యుడని అర్థం చేసుకుంటారు. సూర్యుడి పండుగకు పెద్ద ఆధారం అదే. ఎవరు ఎవరిని చూసి పెట్టారో ఆ పుస్తకం చెప్పదు. రోమన్ చక్రవర్తి ఆరేలియన్ 274లో సూర్యుడికి గుడి కట్టించిన మాట మాత్రం నిజం.

ఇంకో దారి ఉంది, గట్టిగా తోచేది అదే. యేసును సిలువ వేసింది మార్చి 25న అని పడమటి క్రైస్తవ సంఘాల్లో లెక్క. మరియ గర్భధారణ కూడా ఆ తేదీనే జరిగిందన్న నమ్మకాన్ని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను రాసిపెట్టాడు. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. తూర్పున సిలువ రోజు ఏప్రిల్ 6, కలిపితే జనవరి 6. అర్మేనియా సంఘం నేటికీ ఆ రోజే జరుపుకుంటుంది. ఎత్తుకొచ్చిన పండుగే అయితే ఈ రెండో తేదీ ఎందుకు వచ్చిందో వివరించాలి కదా! రష్యాలో చేసుకునే జనవరి 7 వేరే తేదీ కాదు, 13 రోజులు వెనకబడిన పాత జూలియన్ క్యాలెండరులో అదీ డిసెంబరు 25వ తేదీయే.

అరసవల్లిలో రథసప్తమిని సూర్య జయంతిగా చేసుకునే జిల్లా మనది. సూర్యుడికి పుట్టినరోజు ఏమిటని ఇక్కడ ఎవరూ అడగరు. సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలకే ఉత్తరానికి మళ్లినా సంక్రాంతి ముగ్గు జనవరి 14, 15 తేదీల్లోనే పడుతుంది. పండుగకు తేదీ లెక్క కచ్చితంగా కుదరాల్సిన పని లేదు. తేదీ బైబిల్లో లేదనే క్రిస్మస్ చేయని క్రైస్తవ సంఘాలూ ఉన్నాయి, అది వారి ఇష్టం. ఈసారి ప్రత్యేక పేజీలో మాత్రం ‘యేసు పుట్టిన రోజు’ అని కాకుండా ‘యేసు పుట్టుకను స్మరించుకునే రోజు’ అని వేయగలరు.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం