ట్రక్కు ఊగితే ముందు హుక్కు చూడండి

సంపాదకునికి,

అయ్యా,

వరి కోతలు మొదలైతే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, సంగం రోడ్ల మీద ఎక్కడ చూసినా వడ్ల ట్రాక్టర్లే. వెనక ట్రక్కు అటూ ఇటూ ఊగుతుంటే జనం డ్రైవరునో, గుంతలనో తిడతారు. బస్తాలు ఎక్కడ వేశారు, ట్రక్కును ట్రాక్టర్ హుక్కుకు పట్టే పిన్ను ఎలా ఉంది అని మాత్రం ఎవరూ చూడరు.

రెండు చక్రాల ట్రక్కు ఇరుసు మీద తూగుతుంది. ఎడ్లబండి తోలిన పెద్దలకిది తెలిసిన సంగతే: వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు నొక్కేది. ట్రాక్టరుకూ అంతే. వెనక బరువు ఎక్కువైతే ట్రక్కు మూతి, అంటే హుక్కుకు తగిలించే ముందు కొన, పైకి లేస్తూ ట్రాక్టర్ పెద్ద చక్రాల మీద బరువు తగ్గిస్తుంది. వాటికి పట్టు పోయాక ట్రక్కు తోక ఆడించడం మొదలుపెడుతుంది. మరీ ముందుకు వేస్తే చిన్న చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. నిండు ట్రక్కు బరువులో 10 శాతానికి తగ్గకుండా, 15 దాటకుండా హుక్కు మీద పడాలి. ట్రాక్టర్ పుస్తకంలో అంతకన్నా తక్కువ పరిమితి ఉంటే దాన్నే పాటించాలి.

ఇది మిల్లు కాటా మీదే తేలుతుంది. మన పుట్టి 850 కిలోలు కదా, నాలుగు పుట్లంటే 3,400. ఖాళీ ట్రక్కు 1,800 అనుకుంటే మొత్తం 5,200. ట్రాక్టరును కాటా దాటించి, హుక్కు తీయకుండా ట్రక్కు చక్రాలను మాత్రమే కాటా మీద నిలపండి. 4,600 చూపిస్తే తక్కిన 600 హుక్కు మీద ఉన్నట్టు, అంటే పదకొండున్నర శాతం. బాగుంది. 5,000 చూపిస్తే రెండు వరసల బస్తాలు ముందుకు జరపాల్సిందే. కుదిరిన చోట పక్క పలకకు రంగుతో గీత పెట్టుకుంటే హమాలీలకు మళ్లీ చెప్పే పని ఉండదు. దించేటప్పుడు ముందు బస్తాలు తీసేసి వెనకవి ఉంచి పిన్ను లాగొద్దు, మూతి ఎగిరి మనిషి గడ్డానికి తగులుతుంది.

ఇక హుక్కు. పిన్ను తీసి తుడిచి, ట్రక్కు మూతికుండే రింగు రాసుకునే చోట గోరు నిలువుగా జరపండి. గోటికి మెట్టు తగిలితే ఆ పిన్ను అరిగినట్టే. దాని బదులు కడ్డీ ముక్కో, దొరికిన బోల్టో వేస్తుంటారు, అదే తప్పు. పిన్ను వదులైతే బ్రేకు వేసిన ప్రతిసారీ రింగు గుద్ది చిల్లు ఇంకా పెద్దదవుతుంది. అడుగున లాక్ పిన్ను లేకపోతే గుంతలో ఎగిరినప్పుడు పెద్ద పిన్ను పైకి వచ్చేస్తుంది. రెండు గొలుసులు రింగు కిందుగా కత్తెరలా దాటించి ట్రాక్టరుకు కట్టాలి. పిన్ను ఊడినా మూతి రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. మలుపు తిరిగేంత వదులు చాలు, నేలకు ఈడవకూడదు.

ట్రాక్టర్ వెనక పనిముట్లను పట్టే మూడు కడ్డీల్లో పైదైన టాప్ లింకుకు ట్రక్కు తగిలించడం చావును పిలవడమే. లాగుడు ట్రాక్టర్ వెనక ఇరుసుకన్నా ఎత్తులో పడితే ట్రాక్టర్ ముందు భాగం లేచి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. కింది రెండు లింకుల మధ్య చిల్లుల పట్టీకి కట్టేవాళ్లు ఆ లింకులు అటూ ఇటూ కదలకుండా పట్టే పక్క గొలుసులు బిగించాలి. లేకుంటే పట్టీయే ఊగుతుంది.

పెద్ద చక్రాలకు ఒక్కోదానికి ఒక్కో బ్రేకు పెడల్ ఉంటుంది, రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయండి. పొలంలో విడిగా తొక్కిన అలవాటుతో రోడ్డు మీద ఒకటే తొక్కితే ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది, బ్రేకుల్లేని ట్రక్కు వెనక నుంచి నెట్టి మడత పెట్టేస్తుంది. కాలవ కట్ట దిగేటప్పుడు దిగకముందే చిన్న గేరు వేయాలి, న్యూట్రల్ వద్దు.

కోతల నెల రోజులైనా మిల్లుల వాళ్లు మొత్తం తూకంతో పాటు ట్రక్కు చక్రాల తూకం కూడా ఉచితంగా వేయాలని, రవాణా అధికారులు కాగితాలతో పాటు పిన్నునూ గొలుసునూ చూడాలని కోరుతున్నాం.

ఇట్లు,
ట్రాక్టర్ మెకానిక్కులు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా