మంత్రి గారూ, మా తాత కోటు మీది రిబ్బన్లు మీ ఫైల్లనే ఉన్నయ్, జర వెతికించండి (బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం సార్. మీరు చాన బిజీగ ఉంటరని తెలుసు. ఇంతకుముందు రాసిన అర్జీలు మీదాక రాలేదు అనే నమ్మకంతోనే ఇట్ల నలుగురి ముంగట రాస్తున్న. వచ్చినా చదవలేదు అనుకుంటే బాధ ఇంకా ఎక్కువైతది, అందుకే రాలేదనే అనుకుంటున్న.

రెండో ప్రపంచ యుద్ధం చేసినోళ్ల భార్యలకిచ్చే సాయం సంగతి మీకు నేను చెప్పేదేం లేదు, ఆ ఫారం మీ వాళ్లే తయారుచేసిన్రు. అండ్ల 'రెజిమెంట్, సర్వీస్ నంబర్' అని ఒక గడి ఉంటది, మా లొల్లంతా ఆ గడితోనే. డిశ్చార్జ్ బుక్కును, అంటే సైన్యం నుంచి విడిచిపెట్టినప్పుడు ఇచ్చే పుస్తకాన్ని, చెదలు తిన్నయ్, ఇంటి కప్పు మార్చినప్పుడు పెట్టె తీస్తే అడుగున మట్టే ఉంది. నాయినమ్మకు తొంభై దాటినయ్. తాత ఏ పల్టన్ల ఉన్నడో ఆమెకు తెల్వది, బర్మాకు పోయొచ్చిండు, వచ్చినంక చాన రోజులు నిద్రల కేకలేస్తుండె అంటది, అంతే. మిగిలింది ఒక్క కోటు. మందపాటి ఉన్నిది, నడుము దాకనే ఉండే పొట్టి కోటు, బ్యాటిల్ డ్రెస్ అంటరు. మా బాపు దాన్ని ఏటా ఎండకు ఆరేసి కలరా ఉండలేసి దాస్తుండె కాబట్టి పురుగు పట్టలే.

డిశ్చార్జ్ బుక్కు లేకపోతే వేరే ఆధారం ఏదైనా తెమ్మన్నరు సార్ మీ ఆఫీసుల. తెచ్చినం. ఆఫీసు పేరు రాస్తలేను, అక్కడ మంచిగ మాట్లాడినోళ్లు గూడ ఉన్నరు, వాళ్లకు ఇబ్బంది ఎందుకు. కానీ ఆ కోటును టేబుల్ మీద పెడితే వచ్చిన మాటలు మాత్రం చెప్తా వినండి.

భుజం కింద చేతి మీద ఒక గుడ్డ ముక్క కుట్టి ఉంటది, ఆకుపచ్చ మీద నల్ల ఇస్పేటు ఆసు. దాన్ని చూసి ఒక సారు 'మీ తాత పేకాటల గెలిచిండా ఈ కోటు' అన్నడు. అందరు నవ్విన్రు. నాయినమ్మ గూడ ఏదో మంచి మాటే అనుకొని నవ్వింది, నాకు మాత్రం తల తీసేసినట్టైంది. సార్, అది 25వ ఇండియన్ డివిజన్ గుర్తు, డివిజన్ అంటే ఎన్నో పల్టన్లు కలిసిన పెద్ద దళం. 1942ల మన దక్షిణాదిలనే పుట్టిన డివిజన్ అది, 1944 నుంచి బర్మా పడమటి తీరం అరకాన్ల జపానోళ్లతో కొట్లాడింది. నంబరు రాస్తే శత్రువుకు తెలుస్తదని ఆ కాలంల డివిజన్లకు బొమ్మలు పెట్టుకున్నరు. 17వ దానికి నల్లపిల్లి, 19వ దానికి బాకు, 23వ దానికి కోడిపుంజు. మా తాత చేతి మీద కోడిపుంజు ఉంటే మీ వాళ్లు కోడిపందాల కేసు రాస్తుండిరేమో.

గుండీల మీద కిరీటం ఉంది, మరి ఇది ఇంగ్లీషోళ్ల కోటు కదా అని ఇంకో ప్రశ్న. 1950 జనవరి 26 దాక మన సైన్యం గుర్తుల మీద ఉన్నది ఆ రాజు కిరీటమే సార్, ఆ తర్వాతనే దాని జాగల మూడు సింహాలొచ్చినయ్. కిరీటం ఉండుడు మాకు నష్టం కాదు, ఈ కోటు ఆ కాలందే అని చెప్పే సాక్ష్యం. సాక్ష్యాన్నే తప్పుగ పట్టుకుంటే ఇంక మేమేం తేవాలె?

ఇప్పుడు అసలు సంగతి. రిబ్బన్లు, అంటే ఏ మెడల్ వచ్చిందో చెప్పేటందుకు కోటు మీద కుట్టుకునే రంగుల గుడ్డ ముక్కలు.

ఎడమ చాతి మీద నాలుగు రిబ్బన్లు వరుసగ ఒక్క పట్టీ లెక్క కుట్టి ఉండె. చాతి నడుమ నుంచి మొదలుపెడితే మొదటిది ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడు సమానంగ, అంటే 1939-45 స్టార్, ఆ రంగులు నేవీకి, ఆర్మీకి, ఎయిర్‌ఫోర్సుకు. రెండోది నడుమ వెడల్పుగ ఎరుపు, రెండు దిక్కుల ముదురు నీలం, ఆ నీలం మధ్యల నారింజ గీత, అది బర్మా స్టార్, బర్మా యుద్ధంల పనిచేసినోళ్లకు తప్ప ఎవలకు పడితే వాళ్లకు రాదు. మూడోది ఎరుపు, నీలం, తెలుపు కలిసిన వార్ మెడల్. నాలుగోది ముదురు నీలం మీద లేత నీలం పట్టీలు, ఇండియా సర్వీస్ మెడల్, యుద్ధం టైంల ఇండియాల మూడేండ్లు కొలువు చేసినోళ్లకిచ్చింది. ఇంకోటి గూడ చూడండి, 1947 ఆగస్టు 15 నాటికి కొలువుల ఉన్నోళ్లకు ఇండిపెండెన్స్ మెడల్ ఇచ్చిన్రు, దాని రిబ్బన్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. తాత కోటు మీద అది లేదు, అంటే అంతకు ముందే ఇంటికొచ్చిండు అనుకోవచ్చు. నాయినమ్మ గూడ జెండా మారకముందే వచ్చిండు అంటది. చూసిన్రా సార్, కాయితం లేకున్నా ఎంత తెలుస్తున్నదో.

మరి మీ ఆఫీసుల ఏం చేసిన్రు? కోటు మొత్తం ఫైల్ల పెట్టరాదు, రిబ్బన్లు మాత్రమే విప్పి ఇయ్యిన్రి, పైకి పంపి గుర్తుపట్టిస్తం, పదిహేను రోజుల్ల తిరిగి ఇస్తం అన్నరు. నేను వద్దన్న. నాయినమ్మ 'సర్కారోళ్లు అడుగుతున్నరు కదా బిడ్డా ఇయ్యరాదు' అన్నది. బ్లేడుతోని కుట్లు కోసిన్రు. ఎనభై ఏండ్ల కింది కుట్లు సార్, బహుశా తాతనే కుట్టుకున్నయ్. కోసి, దరఖాస్తుకు స్టేప్లర్ కొట్టిన్రు. రిబ్బన్లకు, నా కండ్ల ముందు, రెండు పిన్నులు. బర్మా స్టార్ మీద ఒకటి పడ్డది. అరే సార్ కవర్ల పెట్టున్రి అంటే, ఊడిపోకుండ ఉంటది అన్నరు.

ఊడిపోలేదు గానీ ఫైలే పోయింది! పోయి అడిగితే ఆ సెక్షన్ సారు ట్రాన్స్‌ఫర్ అయ్యిండన్నరు, కొత్త సారు నాకు చార్జి ఇయ్యలేదన్నడు, ఇంకోసారి పైకి పంపినం అన్నరు, పైన అడిగితే కిందనే ఉందన్నరు. సోమవారం అర్జీల లైన్ల నిలబడి ఇచ్చినం, ముద్ర కొట్టి తీసుకున్నరు, ఆ ముద్ర కొట్టుడు మాత్రం మస్తు ఫాస్టు. సమాచార హక్కు కింద పెడితే గడువు 30 రోజులు దాటినంక ఒక్క లైన్ జవాబు, 'సదరు ఫైలు అందుబాటులో లేదు'. మీ దగ్గర లేకపోతే 2005 చట్టం సెక్షన్ 6(3) ప్రకారం ఎవలి దగ్గర ఉందో వాళ్లకు 5 రోజుల్ల నా దరఖాస్తు పంపాలె కదా? ఎవలకు పంపిన్రు? పంపలే. ఇప్పుడు మళ్ల కొత్తగ అప్లై చెయ్యిన్రి, రిబ్బన్లు జతచెయ్యిన్రి అంటున్నరు. పట్టా పాస్‌బుక్కు మీరే గుంజుకొని, మరి భూమి నీదని రుజువేది అని అడిగినట్టుంది ఇది.

కోటు మీద రిబ్బన్లు పోయిన జాగ ఇప్పటికీ కనిపిస్తది. మిగతా బట్ట వెలిసిపోయింది, అక్కడ మాత్రం రంగు ముదురుగ ఉంది, చుట్టూత కుట్టు రంధ్రాలున్నయ్. టేపు పెట్టి కొలిచిన, అయిదు ఇంచులు. ఒక్కో రిబ్బన్ వెడల్పు ఇంచుంబావు ఉంటది, నాలుగుకు అయిదే. అంటే నాలుగు రిబ్బన్లు ఉండె అని కోటే చెప్తున్నది, నేను కథ అల్లుతలేను. విప్పకముందు ఫోన్ల తీసిన ఫొటోలు గూడ ఉన్నయ్. ఫొటో చెల్లదట.

ఇగ రెజిమెంట్ గడి. భుజం పట్టీ మీద ఇత్తడి అక్షరాలు ఇంగ్లీషుల హైదరాబాద్ అని. దాన్ని చూడంగనే, ఓ నిజాం ఫౌజా, అయితే మాకు సంబంధం లేదు అని చేతులు దులుపుకున్నరు. జర ఆగున్రి సార్. నిజాం సంస్థానం ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబర్ 8న మలయా దేశంల (ఇప్పటి మలేషియా) కోటా బారు దగ్గర ఉండె, జపానోళ్లు దిగింది అక్కడనే. ఇస్పేటు డివిజన్ అప్పటికింకా పుట్టనే లేదు. అదే ఇస్పేటు డివిజన్ల, 51వ బ్రిగేడ్ల, 19వ హైదరాబాద్ రెజిమెంట్ 8వ బెటాలియన్ ఉండె, దాన్ని నడిపింది తిమ్మయ్య గారు, తర్వాత 1957ల ఆర్మీ చీఫ్ అయిన ఆయనే. 1945 జనవరిల అరకాన్ల కంగా దగ్గర వాళ్లు గూడ కొట్లాడిన్రు. ఆ రెజిమెంట్‌కు పేరే హైదరాబాద్, నిజాం ఫౌజ్ కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యం, 1945 అక్టోబర్ల దాని పేరు కుమావ్ రెజిమెంట్ అయ్యింది, దాని సెంటర్ ఉత్తరాఖండ్ రాణిఖేత్‌ల ఉంది. ఇస్పేటు గుర్తు, హైదరాబాద్ అక్షరాలు రెండూ కలిస్తే తాత అండ్లనే ఉండి ఉంటడు.

అండ్ల ఎక్కువగ కుమావోళ్లు, జాట్లు, అహీర్లు కదా, పర్కాల దిక్కు మనిషి ఎట్ల చేరిండు అని ఒక సారు అడిగిండు. ఇన్ని రోజుల్ల నాకు ఎదురైన ఒకే ఒక్క తెలివైన ప్రశ్న అది, దండం పెట్టిన ఆయనకు. పల్టన్ అంటే తుపాకి పట్టినోళ్లే కాదు, వంట చేసేటోళ్లు, బట్టలుతికేటోళ్లు, నీళ్లు మోసేటోళ్లు గూడ, వాళ్లను గూడ రిజిస్టర్ల ఎక్కించిన్రు. మా తాత పెండ్లిళ్లకు వంద మందికి ఒక్కడే వండుతుండె. నా అనుమానం అదే. కానీ నా అనుమానం గడిల రాస్తే మీరు ఒప్పుకోరు, మీరు రాయాల్సిన లెటర్ మీరు రాయరు.

ఒక్క లెటర్ సార్. లెటర్‌హెడ్ మీద, కోటు ఫొటోలు జతచేసి, తాత పేరు, తండ్రి పేరు, ఊరు రాసి రాణిఖేత్‌కు ఒకటి, సంస్థానం సంగతి గూడ తేల్చాలంటే పాత సర్కారు రికార్డులు దాచే తార్నాక ఆర్కైవ్స్‌కు ఒకటి. మేం రాస్తే మామూలు మనుషులం, మీ సంతకం ఉంటే వేరే లెక్క. పేరు లేదు అని జవాబొస్తే లేదనే ఒప్పుకుంటం, మళ్ల మీ గడప తొక్కం. అడగకుండనే లేదంటే ఎట్ల? ముందుగాల ఆ రిబ్బన్లు వెతికించండి. ఏ బీరువల ఉన్నయో, ఏ మూటల కట్టిన్రో. సాయం పైసలు ఎప్పుడొస్తే అప్పుడే రానియ్యిన్రి, రిబ్బన్లు మాత్రం నాయినమ్మ ఉండంగ రావాలె.

కోటును మాత్రం ఇగ ఎవ్వరికీ ఇయ్య. చూడాలంటే తెలిసిన మనిషిని ఇంటికి పంపండి, చాయ్ పోసి చూపిస్తం. మీ ఆఫీసు వాళ్లే వస్తే స్టేప్లర్ తేవద్దని చెప్పండి.

ఇట్లు,
ఆ కోటు మనిషి మనుమడు,
పర్కాల దగ్గర, హనుమకొండ జిల్లా