మా ఆఫీసు డ్రైవ్‌లను ఒక దారికి తెచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు

భీమవరంలోని మా రొయ్యల ఎగుమతి కార్యాలయంలో నెట్‌వర్క్ డ్రైవ్‌ల గందరగోళాన్ని సరిదిద్దిపెట్టిన పాలకొల్లు మాస్టారికి సిబ్బంది అందరి తరఫునా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. పేరు రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు. చేసిన పని గురించి మాత్రం వివరంగా రాయమన్నారు, ఇలాంటి ఇబ్బంది ఉన్న మరో కార్యాలయానికి పనికొస్తుందని.

సర్వర్‌లో ఉన్న ఒకే ఫోల్డర్ మా అకౌంట్స్ విభాగంలో ఎస్ డ్రైవ్‌గా, డాక్యుమెంటేషన్ వారి దగ్గర టి డ్రైవ్‌గా, ప్లాంట్ సూపర్‌వైజర్ల దగ్గర మరో అక్షరంతో కనిపించేది. కౌంట్‌వారీ (రొయ్య సైజును బట్టి) ధరల పట్టిక ఒకరు తయారుచేస్తే అందులోని ఎక్సెల్ లింకులు రెండోవారి దగ్గర తెరుచుకునేవి కావు. గతంలో నెట్‌వర్క్ అమర్చినవారు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని చేత్తో మ్యాప్ చేసి, అంటే సర్వర్ ఫోల్డర్‌కు ఒక డ్రైవ్ అక్షరం తగిలించి వెళ్లడం వల్ల, ఎవరైనా సీటు మారితే కథ మళ్లీ మొదటికొచ్చేది. కంటైనర్ బయలుదేరే వేళకు ప్యాకింగ్ లిస్టు ఎక్కడుందో వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఈ వ్యాపారంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

మాస్టారు వచ్చీ రాగానే స్క్రిప్టు (లాగిన్ కాగానే డ్రైవ్‌లను తగిలించే ఆదేశాల ఫైలు) రాసేస్తారని అనుకున్నాం. "ఆయ్, అలాక్కాదండి. ఎవరికి ఏ ఫోల్డరు కావాలో ముందు కాగితం మీద పెట్టండి" అన్నారు. ఏ విభాగానికి ఏ అక్షరమో తేల్చడానికే మాలో మాకు చాలాసేపు వాదన జరిగింది. ఆయన మధ్యలో కలగజేసుకోకుండా కూర్చున్నారు. ఆ కాగితాన్ని బట్టి డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లను, యూజర్లను ఒకేచోట నుంచి నిర్వహించే ఏర్పాటు) విభాగానికొక గ్రూపు ఏర్పడింది, ఆ తర్వాతే స్క్రిప్టు ఉండే బ్యాచ్ ఫైల్ మొదలైంది.

స్క్రిప్టు చిన్నదే. నెట్ యూజ్ ఆదేశంతో ముందుగా పాత మ్యాపింగ్‌లన్నీ తొలగిస్తుంది, లాగిన్ అయిన మనిషి ఏ గ్రూపులో ఉన్నారో చూస్తుంది, ఆ గ్రూపుకు చెందిన అక్షరాలను మాత్రమే తగిలిస్తుంది. పర్సిస్టెంట్ అన్నచోట నో అని పెట్టడం వల్ల విండోస్ పాత మ్యాపింగ్‌ను గుర్తుపెట్టుకుని, మరునాడు దానినే పట్టుకొచ్చి ఎర్ర గుర్తు చూపించే బెడద పోయింది. ఫోల్డర్ దారిలో సర్వర్ పేరుకు బదులు డీఎఫ్‌ఎస్ (ఫోల్డర్ ఏ సర్వర్‌లో ఉన్నా ఒకే దారితో చూపే విండోస్ సౌకర్యం) ద్వారా డొమైన్ పేరు ఇచ్చారు కనుక రేపు సర్వర్ మార్చినా స్క్రిప్టును తాకనవసరం లేదు. గ్రూపులో కొత్తగా చేర్చిన వ్యక్తి ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితేగానీ ఆ చేరిక అమల్లోకి రాదన్న సంగతి కూడా నొక్కి చెప్పారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అంతవరకు ఒక్కొక్కరి యూజర్ అకౌంట్‌లో పెట్టి పరీక్షించిన స్క్రిప్టును గ్రూప్ పాలసీలోకి (డొమైన్‌లోని అందరికీ ఒకేచోట నుంచి సెట్టింగ్‌లు పంపే ఏర్పాటు) మార్చాక, ఉదయం లాగిన్ అయినవారికి డ్రైవ్‌లు కనిపించడం మానేశాయి. సర్వర్ పడిపోయిందని ఫోన్లు మీద ఫోన్లు. తీరా చూస్తే టీ తాగి వచ్చేసరికి అన్నీ వాటంతటవే ప్రత్యక్షం! కేబుళ్లను, స్విచ్‌ను అనుమానిస్తూ కూర్చున్న మాకు మాస్టారు ఫోన్‌లోనే కారణం చెప్పారు: విండోస్ 8.1 నుంచి గ్రూప్ పాలసీ లాగాన్ స్క్రిప్టులు, వేరే ఆదేశం లేకపోతే, లాగిన్ అయిన 5 నిమిషాలకు గానీ నడవవు. లాగాన్ స్క్రిప్ట్ డిలే అన్న సెట్టింగ్‌ను సున్నా చేయించారు. మరునాటి ఉదయం ఫోన్ మోగలేదు.

ఇంకొక మేలును ప్రత్యేకంగా చెప్పాలి. పాత బ్యాచ్ ఫైల్ ఒకదానిలో షేర్ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు రాసి ఉండగా ఆయన దానిని తెరిచి చూపించారు. ఇలాంటి స్క్రిప్టులు ఉంచే నెట్‌లాగాన్ ఫోల్డర్‌లోని ఫైళ్లను డొమైన్‌లోని వారెవరైనా చదవగలరు. గ్రూప్ పాలసీలోనే ఒక భాగమైన ప్రిఫరెన్సెస్‌లో పాస్‌వర్డ్ దాచే సౌకర్యాన్నే మైక్రోసాఫ్ట్ 2014లో తీసివేయవలసి వచ్చిందని చెప్పి, ఆ పాస్‌వర్డ్‌ను అప్పటికప్పుడే మార్పించారు. సర్వర్ 2008తో వచ్చిన ఆ ప్రిఫరెన్సెస్‌లో స్క్రిప్టు లేకుండానే డ్రైవ్‌లు మ్యాప్ చేయవచ్చని, పెద్ద కార్యాలయమైతే అదే మేలని కూడా అన్నారు. మాకు మాత్రం, ప్రతి వరుస పక్కన తెలుగులో వ్యాఖ్య రాసిన ఈ చిన్న ఫైలే నచ్చింది, ఎవరు తెరిచినా అర్థమవుతుంది కనుక.

రుసుము ప్రస్తావన తెచ్చినప్పుడల్లా మాస్టారు మాట మార్చేశారు. మా దగ్గర దొరికేది రొయ్యలే, ఆయనేమో శాకాహారి. ఆ దారీ మూసుకుపోయింది. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాస్టారూ, ల్యాబ్‌లో పరీక్షా యంత్రానికి కట్టిన పాత కంప్యూటర్ డొమైన్‌లో లేదు కనుక మన స్క్రిప్టు దానికి అందడం లేదు, ఇప్పటికీ చేత్తోనే మ్యాప్ చేస్తున్నాం. సీజన్ తగ్గాక చూస్తానన్నారు. తమరికి వీలైన రోజు చెబితే బండి పంపిస్తామండి.