మూడు నిమిషాల లెక్క

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం అందింది. విమానాశ్రయంలో ఒక ఫైర్ స్టేషన్‌కు ప్లాన్ గీయడానికి ఇన్ని నెలలెందుకని అడిగావు కదా, కాస్త వివరంగానే చెబుతాను.

ఊళ్లో ఏ భవనం కట్టాలన్నా మనం ముందు స్థలం చూస్తాం, ఇక్కడ మాత్రం ముందు గడియారం చూడాలి. పిలుపు అందిన మూడు నిమిషాలలోపు మొదటి బండి రన్‌వే మీద ఏ మూలకైనా చేరి మంటలార్పే నురుగు చిమ్మడం మొదలుపెట్టాలనీ, వీలైతే రెండు నిమిషాలలోనే చేరాలనీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెబుతుంది. మన శంషాబాద్ పెద్ద రన్‌వేనే తీసుకో, పొడవు 4,260 మీటర్లు. స్టేషన్ సరిగ్గా దాని నడిమధ్యన ఉన్నా ఒక్కో కొసకు రెండు కిలోమీటర్ల పైమాటే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయినా ఆ దూరానికి నిమిషంపావు పడుతుంది. నీళ్లు నింపుకున్న అంత బరువైన బండి వేగం పుంజుకోవడానికి పట్టే సమయం కూడా కలిపితే, రెండు నిమిషాల లెక్కలో మనుషులకు మిగిలేది అర నిమిషం కూడా కాదు.

అందుకే నేను బొమ్మను, సిబ్బంది గదుల నుంచి బండ్ల దాకా పరుగెత్తే వరండా నుంచి మొదలుపెట్టాను. ఒక పాత స్టేషన్‌లో కసరత్తు జరుగుతుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. గంట మోగగానే ఒక కుర్రవాడు పరుగున వచ్చి, తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో ఆగి, ఒక అడుగు వెనక్కు వేసి, దాన్ని లాగి అప్పుడు బయటపడ్డాడు. రెండు సెకన్లు పోయాయి. ఆ రెండు సెకన్లలో బండి 55 మీటర్లు పోగలదు మురళీ! 1985లో మాంచెస్టర్‌లో మంటలంటుకుని, రన్‌వే వదిలి ఆగిన విమాన ప్రమాదంలో 55 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది పొగే. అది తెలిసిన తరువాత ఆ తలుపును నేను మరచిపోలేకపోయాను.

నా బొమ్మలో విశ్రాంతి గదీ, భోజనాల గదీ కింది అంతస్తులోనే, బండ్ల పక్కనే ఉన్నాయి. బండ్ల గదులకు పైకి చుట్టుకునే షట్టర్లు వద్దని గట్టిగా వాదించాను, ఎందుకంటే షట్టర్ బండి నెత్తిన ఉన్న నురుగు గొట్టాన్ని దాటి పైకి లేచిందో లేదో డ్రైవరుకు తెలియదు, పక్కలకు మడుచుకునే తలుపైతే దారి తెరుచుకోవడం కళ్లెదుటే కనిపిస్తుంది.

ఎన్ని బండ్లు కావాలన్నది దిగే విమానం పొడవునూ నడుము వెడల్పునూ బట్టి ఉంటుంది, ఆ కొలతలతోనే పది తరగతులు చేశారు. ఎయిర్‌బస్ వారి పెద్ద విమానం ఏ380 పొడవు ప్రకారం తొమ్మిదో తరగతే అయినా, నడుము ఏడు మీటర్లు దాటినందువల్ల పదో తరగతికి చేరుతుంది, అప్పుడు మూడు బండ్లూ, బి రకం నురుగు వాడితే 32,300 లీటర్ల నీళ్లూ సిద్ధంగా ఉండాలి.

మంటలార్పి వచ్చినవారి మసి బట్టలు అన్నం తినే చోటికి రాకూడదని వేరే దారీ, స్నానాల గదులూ పెట్టాను. దీనికి స్థలం తగ్గించమని ఒత్తిడి వచ్చినా నేను ఒప్పుకోలేదు.

వచ్చే మంగళవారం ఖాళీ స్థలంలో సుద్దతో గదులన్నీ అసలు కొలతలతో గీసి, సిబ్బందిని పరుగెత్తించి చూడబోతున్నాం. సెలవు పెట్టి రా, స్టాప్‌వాచ్ నీ చేతికే ఇస్తాను.

నీ
శ్రీధర్