అట్టముక్క సర్క్యూట్: ఎల్ఈడీ వెలగకపోతే

పిల్లల ప్రాజెక్టుకి కావాల్సినవి: ఏఏ సెల్స్ 2, ఎర్ర ఎల్ఈడీ, 100 ఓమ్ రెసిస్టర్ (కరెంటుని తగ్గించే చిన్న ముక్క), వంటింటి అల్యూమినియం ఫాయిల్. ఫాయిల్‌ని సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కత్తిరించి అట్టకి అంటించండి.

చాలామందికి తేడా కొట్టేది అతుకుల దగ్గరే. పట్టీ మీద పట్టీ వచ్చేచోట మధ్యలో జిగురు పడిందా, ఇక కరెంటు పోదు. రెండు కొసలూ కలిపి మడిచి, గోటితో గట్టిగా నొక్కి, పైనుంచే టేపు వేయండి. సోల్డర్ (కరిగించి అతికించే లోహం) జోలికి పోకండి, మామూలు సోల్డర్ అల్యూమినియానికి పట్టదు.

ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు. తిరగేసి పెడితే వెలగదు, అంతే, కాలిపోదు. తెల్లది వద్దు, దానికి ఈ రెండు సెల్స్ ఇచ్చే 3 వోల్టులు సరిపోకపోవచ్చు. ప్లస్, మైనస్ పట్టీలు తగిలితే సెల్స్ వేడెక్కుతాయి, వెంటనే తీసేయండి. గోడ ప్లగ్గు కరెంటు అసలు వాడొద్దు.