సర్వర్‌కు పరిమితి ఒకటి, హామీ మరొకటి

సంపాదకులకు,

అయ్యా,

ఫలితాల రోజునో, ప్రవేశాల గడువు చివరి రోజునో వెబ్‌సైట్ మొరాయిస్తే ‘సర్వర్ సామర్థ్యం చాలలేదు’ అన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తోంది. చాలా ఏళ్లుగా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ల నిర్వహణలో ఉన్న నాకు ఆ వాక్యం పలుమార్లు సగమే నిజమని తెలుసు. ప్రాసెసర్ ఖాళీగా ఉండగానే, మనం పెట్టిన పరిమితి వల్లే పని ఆగిపోతుంది.

కొన్ని ప్రోగ్రాముల సమూహం ఎంత ప్రాసెసర్ సమయం వాడుకోవచ్చో కోటాగా నిర్ణయించే సదుపాయం 2012 జనవరిలో విడుదలైన లినక్స్ 3.2 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వచ్చింది. ఈ కోటా సాధారణంగా ప్రతి 100 మిల్లీసెకన్లకు కొత్తగా జమ అవుతుంది. రెండు ప్రాసెసర్ల పరిమితి అంటే ఆ వ్యవధిలో మొత్తం 200 మిల్లీసెకన్ల పని. 16 కోర్ల (ఒక్కో కోరూ ఒక ప్రాసెసర్‌లా పనిచేస్తుంది) యంత్రంలో ప్రోగ్రాముకు చెందిన 16 థ్రెడ్లు, అంటే సమాంతరంగా సాగే పనులు, ఒక్కసారిగా పనికి దిగితే అది 12.5 మిల్లీసెకన్లలోనే ఖర్చయిపోతుంది, మిగిలిన 87.5 మిల్లీసెకన్లూ, పక్కన కోర్లు ఎన్ని ఖాళీగా ఉన్నా, ఆ థ్రెడ్లన్నీ కదలకుండా నిలబడవలసిందే. నిమిషానికో సగటు చూపే గ్రాఫులో ఈ ఆగడం కనిపించదు. ఒక కళాశాల ప్రవేశాల పోర్టల్ నత్తనడక నడిచినప్పుడు మేము రెండు రోజులు డేటాబేస్‌ను అనుమానిస్తూ గడిపాం. చివరకు కెర్నెల్ ఈ లెక్కలు చూపే సీపీయూ.స్టాట్ అనే ఫైలు తెరిస్తే, కోటా అయిపోయి పని నిలిచిన వ్యవధుల సంఖ్య వేలల్లో ఉంది. పైగా, వాడని కోటా మధ్యలోనే చెల్లకుండా పోయే లోపం ఒకటి కెర్నెల్‌లోనే ఉండేది. 2019లో వచ్చిన 5.4తో అది తొలగింది.

పరిమితులు వద్దని నా వాదన కాదు. పదిమంది పంచుకునే యంత్రంలో ఒకరు మొత్తం మింగేయకుండా అవి అవసరమే. అయితే ‘ఇంతకు మించి ఇవ్వం’ అనడం ‘ఇంత తప్పక ఇస్తాం’ అనడం కాదు. అనేక యంత్రాలపై ప్రోగ్రాములను పంచి నడిపే కుబెర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘లిమిట్’ ఈ కోటాగా మారుతుంది. ‘రిక్వెస్ట్’ మాత్రం పోటీ ఉన్నప్పుడు ఎవరి వాటా ఎంతో తేల్చే బరువుగా పనిచేస్తుంది, పోటీ లేనప్పుడు ఎవరినీ ఆపదు. ఇక గడువు తప్పకూడని పనులకు 2014లో 3.14 కెర్నెల్‌లో చేరిన ‘షెడ్ డెడ్‌లైన్’ విధానం ఉంది. అందులో ప్రతి పనీ తనకు ఎంత వ్యవధికి ఎంత సమయం కావాలో ముందే చెప్పాలి. ఇప్పటికే ఇచ్చిన హామీలతో కలిపితే యంత్రం శక్తికి మించేటట్లయితే కెర్నెల్ ఆ కొత్త పనిని చేర్చుకోదు. నెరవేర్చలేని హామీని మొదటే నిరాకరించే ఈ నిజాయతీ నాకెంతో నచ్చుతుంది.

క్లౌడ్ సేవలు కొనే ప్రభుత్వ విభాగాలూ విద్యాసంస్థలూ ఒప్పందంలో ఎన్ని కోర్లో రాసి ఊరుకోకుండా, వాటిలో హామీ ఎంత, పరిమితి ఎంత అని విడివిడిగా రాయించుకోవాలని, కోటా అయిపోయి పని ఎన్నిసార్లు ఆగిందో ఆ లెక్కను ప్రతి నెలా తెప్పించుకోవాలని కోరుతున్నాను. ఈసారి సర్వర్ మొరాయించినప్పుడు మీ విలేకరులు కూడా అధికారులను ఆ లెక్క అడగాలని మనవి.

భవదీయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
హైదరాబాద్